జీపులో ఈల

యాకోబు మోకాళ్లు వంగడం మానేశాయి. కారు కింద దూరి వైరు లాగడం ఇక ఆయన వల్ల కాదు. నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గరున్న సౌండ్ షాపును ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. అడుగుతున్నది ఇద్దరు. ఒకరు ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన్ను తాతా అని పిలిచే భానుప్రియ. ఇంకొకరు ఆయన చెల్లెలి కొడుకు ప్రవీణ్. షాపు చేతికొస్తే స్పీకర్లన్నీ తీసేసి సెల్‌ఫోన్ కవర్లు వేలాడదీస్తానని ప్రవీణ్ ఏమీ దాచకుండానే చెప్పాడు. ఆళ్లగడ్డ శిల్పి రాజశేఖర్ తెల్ల జీపులో యాంప్లిఫయర్, స్పీకర్లు బిగించే పని మొదటినుంచి చివరిదాకా భానుప్రియ ఒక్కతే చేసింది. ఆ జీపు ఎవరిచేతా మాట పడకుండా పలికితే షాపు తాళాలు నీవేనన్నాడు యాకోబు. నంద్యాలలో జీపు చక్కగా పలికింది. ఆళ్లగడ్డ చేరిన కొద్దిరోజులకు ఈల వేయడం మొదలుపెట్టింది. రాజశేఖర్ ఊరుకోలేదు. ఫోన్ చేసి ఆ ఈల యాకోబుకే వినిపించాడు. తెల్లవారగానే భానుప్రియ పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. పోయిన వారం ఆమెను బస్సులోనే వదిలిపెట్టాం.

బస్సు దిగేసరికి ఎండ ముదిరింది.

రాజశేఖర్ శిల్పశాలలో అన్నీ తెల్లగా ఉన్నాయి. వేపాకులు తెల్లన. రేకుల కొట్టం తెల్లన. టీ గ్లాసు అంచు తెల్లన. రాజశేఖర్ కనుబొమలు కూడా తెల్లన. అతనికి ఇంకా నలభై అయిదు దాటలేదు. అది రాతిపొడి. కటింగ్ మిషన్ ఆగకుండా కోస్తోంది. దాని పక్కన ఇద్దరు పనివాళ్లు ఉలులతో ఏదో అమ్మవారి చీర మడతలు చెక్కుతున్నారు.

కొట్టం ముందు ట్రాక్టరు ట్రాలీ నిలిపి ఉంది. ట్రాలీ నిండా వరిగడ్డి. గడ్డి మీద ఆంజనేయస్వామి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లకు గుడ్డ కట్టారు. సంజామల పక్క ఊరినుంచి స్వామిని తీసుకుపోవడానికి వచ్చిన పెద్దమనిషి సుబ్బయ్య, కొత్త టవలు తలకు చుట్టుకుని ట్రాలీ చక్రం పక్కన కూర్చున్నాడు. సాయంత్రం స్వామి బయలుదేరుతాడు. జీపు నాదస్వరం పలుకుతూ ముందు నడవాలి. ట్రాలీ వెనక రావాలి. అదీ ఏర్పాటు.

"వస్తివా? రా. నీ ఈల నువ్వే ఇను," అన్నాడు రాజశేఖర్.

జీపు స్టార్ట్ చేశాడు. పాట పెట్టలేదు. సౌండు మాత్రం ఆన్ చేశాడు. స్పీకర్లలోంచి సన్నటి ఈల వచ్చింది. ఎక్సలేటర్ తొక్కాడు. ఈల పైకి లేచింది. వదిలాడు. కిందికి దిగింది. మళ్లీ తొక్కాడు.

"చాలన్నా, ఇన్యా," అంది భానుప్రియ.

"నువ్వు ఒక పొద్దు ఇన్యావు. నేను దినామూ ఇంటాండా."

సుబ్బయ్య లేచి వచ్చాడు. "ఇట్లనే మా ఊర్లోకి పోతే కుక్కలన్నీ ఎంటబడతాయప్పా. స్వామికి ఎదురు జనం రారు, కుక్కలొస్తాయి."

"నంద్యాల్లో ఈ ఈల లేదన్నా," అంది భానుప్రియ. "నీ ముందరే గదా ఇంజన్ ఆన్ చేసి చూపించినా?"

"అయితే ఆళ్లగడ్డ గాలికి పుట్టిందా?"

"నేనట్ల అనలేదు."

"ఇంగెట్ల? చూడు పాపా. ఉలి జారి స్వామి ముక్కు లేచిపోతే, నేను రాయిని తిట్టను. నా చేతిని తిట్టుకుంటా. నువ్వు గూడా అట్లనే చెప్పు. పనిలో యాడనో తప్పు చేసినా అని చెప్పు, ఇడిసిపెడతా."

భానుప్రియ ఒప్పుకోలేదు. సంచి విప్పి మీటరు తీసింది. పెద్ద లైటు తీసి జీపు వెనక తలుపుకు తగిలించింది. అక్కడికి దగ్గర్లోనే, ఇంటి గడప పక్కన రాజశేఖర్ తల్లి రామేశ్వరమ్మ కూర్చుని ఆంజనేయస్వామికి తమలపాకుల మాల కడుతోంది. డెబ్భై దాటిన మనిషి. కళ్లజోడు లేకుండా నార దారంతో ముడులు వేస్తోంది. ముడికీ ముడికీ మధ్య జీపు వైపు ఒక చూపు చూస్తోంది.

భానుప్రియ మొదట బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు చూసింది. బాగుంది. ఫ్యూజు చూసింది. బాగుంది. తర్వాత సంచిలోంచి పొడుగాటి వైరు తీసింది. ఒక కొన యాంప్లిఫయర్ నల్ల వైరుకు తగిలించి, రెండో కొనను తలుపులోంచి బయటికి లాగి, జీపు చుట్టూ తిప్పి, ముందున్న బ్యాటరీ దగ్గరికి తెచ్చింది.

"ఇంజన్ ఆన్ చెయ్యన్నా. తొక్కు."

ఈల లేచింది. ఆమె వైరు కొనను బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు ఆనించింది. ఈల తెగిపోయింది. వైరు ఎత్తింది. ఈల వచ్చింది. ఆనించింది. పోయింది.

రాజశేఖర్ ఎక్సలేటర్ మీద కాలు తియ్యడం మరిచిపోయాడు.

"ఏందది?"

"ఎర్త్ అందడం ల్యా."

యాంప్లిఫయర్‌కు కరెంటు వైరులో వస్తుంది. తిరిగి పోవడానికి మాత్రం జీపు ఇనుప ఒళ్లే దారి. వెనక సీటు కింద ఒకచోట పెయింటు గీకి, బోల్టు వేసి, నల్ల వైరును ఆ ఇనుముకు బిగిస్తారు. దాన్నే బాడీ ఎర్త్ అంటారు. అక్కడ బిగువు చెడితే ఇంజన్ చప్పుడు వచ్చి స్పీకర్లో కూర్చుంటుంది. భానుప్రియ ఇదంతా రెండు ముక్కల్లో చెప్పింది.

సుబ్బయ్య ముఖం వికసించింది. "ఓసి! ఎర్తేనా? ఇంతదానికి ఇంత యోచనా? మా బోరు కాడ మోటరు తిక్కతిక్క చేస్తే, ఎర్త్ గుంతలో ఇంత ఉప్పు, ఇంత బొగ్గు ఏసి బిందెడు నీళ్లు పోస్తాం. గమ్మునుంటాది. ఉండు."

ఆమె మీటరు అందుకునేలోపే సుబ్బయ్య ఇంట్లోకి పోయి చెంబుతో వచ్చాడు. చెంబులో ఉప్పు ఇంకా కరగలేదు. వేలితో తిప్పుతున్నాడు.

"పెద్దాయనా, నీకు దండం పెడతా. అది గుంత, ఇది జీపు. ఉప్పునీళ్లు పోస్తే స్వామి సంజామల చేరేలోగా తుప్పు పట్టి అడుగు ఊడిపోతాది. చెంబు కింద పెట్టు."

"కొంచెం పోసినా?"

"బొట్టు గూడా వద్దు."

సుబ్బయ్య చెంబు కింద పెట్టాడు. మరీ దూరంగా మాత్రం పెట్టలేదు.

భానుప్రియ వెనక సీటు లేపింది. పానా తీసి ఎర్త్ బోల్టుకు తగిలించింది.

"ఆ బోల్టు జోలికి పోవద్దు," అంది రామేశ్వరమ్మ.

చెయ్యి ఆగింది. "యాలవ్వా?"

"ఊరికే. అది బాగుండాది. వేరేది చూసుకో."

"ఈల ఆడినుంచే వస్తాంది."

"అది ఈల ఏసే బోల్టు కాదు."

భానుప్రియ రాజశేఖర్ వైపు చూసింది. అతను అప్పటికి అక్కడ లేడు. కొట్టం మూలన ఉన్న నంది దగ్గర నిలబడి దాని కొమ్ములను వేలితో తడుముతున్నాడు. ఆ నంది పని పూర్తయి నెలలైంది.

ఆమె పానా తిప్పింది. బోల్టు కిర్రుమంది. తను బిగించిన బోల్టు అట్లా కిర్రుమనదు. నాలుగు తిప్పులకు ఊడి చేతికి వచ్చింది. వైరు కొసనున్న రాగి రింగును లేపి లైటు కిందికి తెచ్చింది. రింగు అడుగున ఏదో గట్టిపడి ఉంది. మందంగా, పెచ్చులు పెచ్చులుగా. అది అంటిన చోట ఇనుము ఎర్రగా తుప్పు పట్టింది. తను అద్దంలా గీకిన చోటు అది. గోటితో ఒక పెచ్చు లేపింది. వాసన చూసింది.

వంటింటి వాసన.

"అన్నా," అంది. "ఇది పసుపు."

కటింగ్ మిషన్ ఆగింది. ఉలులు ఆగాయి. సుబ్బయ్య చెంబు వైపు చూసి, అది తన పని కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

రామేశ్వరమ్మ మాలను ఒళ్లో పెట్టుకుంది. చేసింది దాచుకోవాలన్న సిగ్గు ఆమెకు లేదు.

"పసుపు కాకపోతే ఇంగేం పెడతారు?" అంది. "కొత్త బండి ఇంటికొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాం. టెంకాయ కొట్టినాం. లోపల ఈ నల్లపెట్టె కూర్చుని ఉండాది. దీన్ని కూర్చోబెట్టేటప్పుడు కింద పసుపు పెట్టినారా అని అడిగితే ఎవ్వురూ చెప్పల్యా. ఈ ఇంట్లో రోలు కూర్చోబెట్టినా, పొయ్యి కూర్చోబెట్టినా, స్వామిని కూర్చోబెట్టినా, కింద పసుపు పెట్టాల్సిందే. మా మామ కాలం నుంచీ అంతే. రాయి మాదిరి రాయికే పసుపు కావాలంటే, పాట పాడే పెట్టెకు వద్దా?"

"పెట్టె కింద పెట్టకుండా బోల్టు కింద యాల పెట్టినావవ్వా?"

"పెట్టె ఇప్పడం చేతకాల్యా. బండిని పట్టుకోని ఉండేది అదొక్కటే కనపడింది."

"ఎవురికి చేతకాల్యా?"

"నాకు పానా పట్టడం వచ్చునా?" అంది రామేశ్వరమ్మ.

అందరూ నంది వైపు తిరిగారు. నంది పక్కనున్న మనిషి తడుముతూ కొమ్ము నుంచి చెవికి వచ్చాడు.

"రాజన్నా."

"ఇంటాండా."

"నువ్వేనా ఇప్పింది?"

"అమ్మ చెప్పింది," అన్నాడు రాజశేఖర్. "ఇంత పసుపు. నీళ్లతో తడిపి, ఇంత. పసుపు ఏం చేస్తాదిలే అనుకుంటి."

"నిన్న ఫోన్లో మా తాతకు ఈల ఇనిపించేటప్పుడు ఈ మాట చెప్పినావా?"

"గ్యాపకం లేదు."

"చెప్పింది గ్యాపకం లేదా, పసుపు పెట్టింది గ్యాపకం లేదా?"

చీర మడతలు చెక్కే పనివాడు ఒకడు నవ్వు ఆపుకోలేక ఉలిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాజశేఖర్ వాడి వైపు చూశాడు. ఆ చూపుకు మామూలుగా రాళ్లు కూడా బెదురుతాయి. ఈసారి వాడు ఇంకా గట్టిగా నవ్వాడు.

ఇక తుడిచేసి బిగిస్తే అయిపోతుంది. భానుప్రియ సంచిలోంచి గరుకు కాగితం తీసింది.

అప్పుడు రామేశ్వరమ్మ లేచి నిలబడింది.

"తుడుస్తావా?"

"తుడవకపోతే ఈల పోదవ్వా."

"స్వామి బయలెల్లే దినం పసుపు తుడుస్తారా ఎవురన్నా? నువ్వే చెప్పు సుబ్బయ్యా."

సుబ్బయ్య టవలు సర్దుకున్నాడు. "అదీ నిజమే పాపా. మంచి పని మొదలుపెట్టే దినం పసుపు చెరిపితే మా ఊర్లో ఊరుకోరు. దోవలో ట్రాలీ టైరు పంచరైనా దీనివల్లే అంటారు."

"ఈలతో పోతే కుక్కలెంటబడతాయంటివే?"

"కుక్కల్ని అదిలిచ్చుకోవచ్చు."

రాజశేఖర్ నంది దగ్గరినుంచి వచ్చాడు. తల్లి ముఖం చూశాడు. గరుకు కాగితం చూశాడు. ఆ ఇంట్లో పసుపు విషయంలో అతని మాట ఎన్నడూ చెల్లలేదు.

భానుప్రియ జీపు అడుగు అంచు మీద కూర్చుంది. వాదించి గెలవచ్చు. కాగితం ఒక్కసారి రుద్దితే చాలు, ఆ తర్వాత ఎవరేం చేస్తారు? కానీ తను బస్సెక్కగానే ఈ అవ్వ మళ్లీ పసుపు తడుపుతుంది. మళ్లీ ఆ కొడుకే పానా పడతాడు. మళ్లీ ఈల. మళ్లీ ఫోను. యాకోబు రెండోసారి వినడు.

"అవ్వా, ఒకటి అడుగుతా," అంది. "స్వామిని కూర్చోబెట్టేటప్పుడు కింద పసుపు పెడతారు. కూర్చున్నాక మీద పుయ్యరా?"

"యాల పుయ్యరు? అభిషేకానికి ఒళ్లంతా పూస్తాం."

"అయితే నీ పసుపు జోలికి నేను రాను. ఈ తావు నీది. దీన్ని ఇట్లనే ఇడుస్తా, బోల్టు గూడా బిగిచ్చి పోతా. నా వైరుకు నేను వేరే తావు చూసుకుంటా. ఆడ ఇనుముకు ఇనుము ముందు గట్టిగా కూర్చోనీ. కూర్చున్నాక మీద నువ్వే పుయ్యి. ఎంత కావాలంటే అంత పుయ్యి. కిందికి మాత్రం వద్దు."

రామేశ్వరమ్మ జీపులోకి తొంగి చూసింది. "బొట్టు గూడా పెట్టనిస్తావా?"

"పెట్టు."

"అయితే గీక్కో," అని మాల అందుకుని కూర్చుంది.

ఈసారి భానుప్రియ యాంప్లిఫయర్‌కు ఇంకా దగ్గరగా, చక్రం మీది మందపాటి రేకును ఎంచుకుంది. నల్ల వైరు మూర పొడుగు కూడా అక్కర్లేదు. మిగిలింది కోసేసి కొత్త రింగు నొక్కింది. స్క్రూడ్రైవర్ మొనతో పెయింటు మీద మొదటి గీత గీసింది.

"కొత్త బండి పాపా!" అన్నాడు రాజశేఖర్.

"జీవితమంతా ఉలి పట్టినోనివి. గీతకు భయపడతావేందన్నా?"

రాజశేఖర్ మొదటిసారి నవ్వాడు. కనుబొమల మీది పొడి రాలింది. పోయి విగ్రహాలకు మెరుగుపెట్టే రాయి తెచ్చాడు. "జరుగు," అని మోకాళ్ల మీద కూర్చుని తనే రుద్దాడు. పెయింటు పోయింది. పెయింటు కింది బూడిదరంగు పూత పోయింది. తెల్లగా ఇనుము బయటపడింది. అయినా చెయ్యి ఆపలేదు. స్వామి చెంపకు మెరుగుపెట్టినట్టు గుండ్రంగా, నెమ్మదిగా రుద్దుతున్నాడు.

"చాలన్నా. ముఖం చూసుకునేదానికి కాదు."

బోల్టు కింద పళ్లున్న వాషరు వేసింది. రింగు పెట్టింది. పానాతో చివరిదాకా బిగించి, వైరు పట్టి లాగి చూసింది. కదల్లేదు. తడి తగలకుండా పైన గ్రీజు పూసింది. మీటరు పెట్టి చూసింది. దాన్ని మళ్లీ సంచిలో పెట్టేసింది. పని అయిందని రాజశేఖర్‌కు అర్థమైంది.

రామేశ్వరమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. గ్రీజు మీద పసుపు అంటలేదు. జారింది. "ఇదేం జిడ్డమ్మా, ఈ జిడ్డు యాల పూసినావు?" అని తిట్టుకుంటూ బోల్టు తలమీద కొంగుతో తుడిచి, పసుపు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దింది. బోల్టు ఒక కన్నులా కనిపించింది.

"ఇప్పుడు తొక్కు," అంది, తనే మెకానిక్కు అయినట్టు.

రాజశేఖర్ ఇంజన్ ఆన్ చేశాడు. సౌండు పెట్టాడు. ఎక్సలేటర్ తొక్కాడు. ఇంజన్ గుర్రుమంది. స్పీకర్లు కిమ్మనలేదు. ఇంకా తొక్కాడు. సుబ్బయ్య స్పీకరుకు చెవి ఆనించాడు. పనివాళ్లు వచ్చి వెనక తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. అందరూ ఊపిరి బిగబట్టి ఆ ఏమీ లేకపోవడాన్ని వింటున్నారు.

"నాదస్వరం పెట్టప్పా," అన్నాడు సుబ్బయ్య, గొంతు తగ్గించి.

నాదస్వరం మొదలైంది. డోలు పడింది. దెబ్బ దెబ్బకూ వేప కొమ్మ మీది తెల్లపొడి సన్నగా రాలింది. సుబ్బయ్య టవలు తీసి గాలిలో ఒకసారి తిప్పాడు. ఎవరైనా చూశారేమోనని మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

భానుప్రియ పక్కకు పోయి యాకోబుకు ఫోన్ చేసింది. వినిపించాలి. ఇంజన్ తొక్కి మరీ వినిపించాలి.

ఫోన్ ఎత్తింది ప్రవీణ్.

"తాతకియ్యి ప్రవీణ్. ఈల పోయింది. ఇను, ఇట్లా ఇను..."

"నిన్న ఇన్నాంలే భానూ."

"తాతకియ్యి."

"మామ ఇప్పుడు మాట్లాడడు. తాళాలు పొద్దున్నే నా చేతికొచ్చినాయి. బోర్డు గూడా దించినాం." వెనక ఎక్కడో లారీ హారన్ మోగింది. "నువ్వు నిదానంగా భోంచేసి రా. వంకాయ బాగా వండుతారంట గదా ఆ పక్క."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్.

ఆమె ముఖం చూసి రాజశేఖర్ నాదస్వరం తగ్గించాడు. ఏమైందని అడిగాడు. చెప్పింది. పెద్దగా చెప్పలేదు. ఈ ఈల వల్ల షాపు తాళాలు ప్రవీణ్‌కు పోయినాయన్నా, అంది అంతే.

రాజశేఖర్ చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"నిన్న ఫోన్ చేసింది నేను. బోల్టు ఇప్పింది నేను. ఎక్కు పాపా. నంద్యాలకు పోయి మీ తాతకు ఎదురుగా చెప్తా."

"నేనూ వస్తాండా," అంది రామేశ్వరమ్మ.

"నేను చెప్తాలేమ్మా."

"నువ్వు చెప్తావా? ఇంతసేపూ నంది కొమ్ములు చూస్తాంటివి." ఆమె అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. పసుపు గిన్నె చేతిలోనే ఉంది.

"మరి మా స్వామి?" అని సుబ్బయ్య అరిచాడు.

"గడ్డిలో పండుకున్నాడు గదా. మాపటికి వస్తాం."

"మీరు రాకపోతే? ఊరంతా ఎదురుచూస్తాంటాది!" సుబ్బయ్య స్వామికి చెంపలు వేసుకుని, వెనక తలుపులోంచి జీపులోకి దూరి, స్పీకరు పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. జీపు తిరిగి రావాలంటే తను అందులో ఉండడమే మేలని అతని లెక్క.

జీపు హైవే ఎక్కింది. రెండు పక్కలా పచ్చటి వరి. నడుమ డివైడరు మీద మనిషెత్తు గన్నేరు పొదలు. శిరివెళ్ల దగ్గర పడుతుండగా భానుప్రియ ఉన్నట్టుండి సీట్లోంచి లేచింది.

"అన్నా, అగ్గో! ఆ పక్క ఆటో!"

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు పోతున్న ఆటో. పైన తాళ్లతో కట్టిన బోర్డు. పొదల సందుల్లో అక్షరాలు కనిపించి మాయమవుతున్నాయి. యాకోబు సౌండ్స్. లోపల, బయటికి చాపిన మోకాలు. ఆ మోకాలు ఎవరిదో ఆమెకు తెలుసు.

"బోర్డును ఆళ్లగడ్డకు యాల తీసకపోతాండారు?" అన్నాడు రాజశేఖర్.

"ఏమో! తిప్పన్నా!"

"యాడ తిప్పాల? సందు ల్యా!"

అరిచినా వినపడదు. లారీలు, బస్సులు. భానుప్రియ ముందుకు వంగి సౌండు బటన్ పట్టుకుని చివరిదాకా తిప్పింది. వెనక తలుపు తన్ని తెరవమని సుబ్బయ్యకు చెప్పింది. నాదస్వరం హైవే మీదికి దూకింది. వరిమళ్లలో కొంగలు లేచాయి. బైకు మీద పోతున్నవాళ్లు దండం పెట్టుకున్నారు. అంత చప్పుడులోనూ సన్నాయి గొంతు చీలలేదు. ఈల లేదు, బురబుర లేదు.

ఆటో బ్రేకులు పడ్డాయి.

అవతలి అంచున ఆగింది. ఇవతల రాజశేఖర్ కూడా జీపు ఆపాడు. యాకోబు మోకాలు పట్టుకుని నెమ్మదిగా దిగాడు. ఎండలో నిలబడి చెవి పక్కన చెయ్యి పెట్టుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఆటో వైపు తిరిగి, లోపలున్న ప్రవీణ్ ముందుకు అరచెయ్యి చాపాడు.

ప్రవీణ్ తాళాలగుత్తి తీసి, చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు.